గోకర్ణకి బస్సులో, పెద్దావిడతో చిన్న బాబుతో: హుబ్బళ్లిలో దిగి వెళ్లండి

మీరు అడిగింది చదివాను చెల్లెమ్మా. సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు, హైదరాబాద్ నుంచి కర్ణాటక సముద్రతీరంలోని గోకర్ణ, మీరిద్దరూ ఏడేళ్ల బాబూ 68 ఏళ్ల మీ అత్తమ్మ, ఆవిడకి బీపీ, మోకాళ్ల నొప్పులు. ట్రైన్ తారీకులు కలవలేదు, ఫ్లైట్ బడ్జెట్‌లో లేదు, నేరుగా వెళ్లే స్లీపర్ బస్సు బుక్ చేసేయమంటారా, ఇంత దూరం పెద్దావిడని బస్సులో తీసుకెళ్లడం తప్పా అని అడిగారు. తప్పేం కాదు, నిక్షేపంగా వెళ్లొచ్చు. కానీ నేరుగా బస్సు వద్దు. రాత్రి బస్సు హుబ్బళ్లి వరకే తీసుకోండి, పొద్దున అక్కడ దిగి మొహాలు కడుక్కుని టిఫిన్ తిని పగటి బస్సులో ఘాట్ దిగండి. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

పదిహేనేళ్లుగా మా ఇంట్లో ఏ సముద్రం ట్రిప్ అయినా బస్సు బాధ్యత నాదే. సూర్యలంక, భీమిలి, పూరీ, గోవా అన్నీ బస్సుల్లోనే తిరిగాం, గోకర్ణ వైపే ఏడు సార్లు వెళ్లాం, అందులో అయిదు సార్లు మా అత్తమ్మ మాతోనే ఉన్నారు. మొదటిసారి మేం కూడా మీరనుకున్నట్టే నేరుగా బస్సు ఎక్కాం. టికెట్ మీద గోకర్ణ అని స్పష్టంగా ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకి అంకోలా దగ్గర హైవే మీద దింపేసి "ఇక్కడి నుంచి చిన్న బండి వస్తది, అందులో పోండి" అన్నారు. ఆ బండి రావడానికి గంటన్నర పట్టింది. చీకట్లో రోడ్డు పక్కన సూట్‌కేసు మీద మా అత్తమ్మని కూర్చోబెట్టి నిలబడ్డాం, దగ్గర్లో బాత్రూమ్ లేదు, అడగడానికి మనిషి లేడు, మా చిన్నది ఘాట్‌లో రెండుసార్లు వాంతి చేసుకుని నా భుజం మీద సోలిపోయి ఉంది. రూమ్‌కి వెళ్లాక అందరం సాయంత్రం దాకా పడుకున్నాం, మా అత్తమ్మ మర్నాడు కూడా లేవలేకపోయారు. మూడు రోజుల ట్రిప్‌లో ఒకటిన్నర రోజు అలా పోయింది. నాకు ఇప్పటికీ ఆ సూట్‌కేసు మీద ఆవిడ కూర్చున్న తీరు గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

లెక్క చూడండి. హైదరాబాద్ నుంచి గోకర్ణ సుమారు 640 కిలోమీటర్లు. అందులో హుబ్బళ్లి దాకా దాదాపు 480, రాయచూరు, గంగావతి, కొప్పళ, గదగ్ మీదుగా దాదాపు అంతా మైదానమే, పది పదకొండు గంటల్లో నిద్రలోనే అయిపోతుంది. మిగిలిన నూటయాభై చిల్లరలోనే అసలు కష్టం ఉంది. కల్‌ఘటగి, యల్లాపుర దాటాక అరబైల్ ఘాట్ మొదలవుతుంది, అడవి మధ్య మెలికలు తిరుగుతూ రోడ్డు పశ్చిమ కనుమలు దిగి అంకోలా దగ్గర సముద్రపు మట్టానికి వస్తుంది. నేరుగా వెళ్లే బస్సు ఈ మెలికలన్నీ సరిగ్గా మూడింటి నుంచి ఆరింటి లోపు దిగుతుంది, డ్రైవర్‌కి నిద్ర ముంచుకొచ్చే టైమ్ అదే, మంచు కూడా అప్పుడే ఉంటుంది. 2025 జనవరి 22న ఇదే యల్లాపుర దగ్గర తెల్లవారుజామున కూరగాయల లారీ లోయలోకి పడి కనీసం పది మంది చనిపోయారు, పాపం కుమటా సంతకి వెళ్తున్న చిన్న వ్యాపారులు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, జనవరిలోనే వెళ్తున్నారు కాబట్టి ఆ రోడ్డు మీద ఆ టైమ్‌లో ఉండొద్దని చెప్తున్నాను అంతే.

అదే పగలు దిగితే ఆ ఘాటే ట్రిప్‌లో మంచి భాగం అయిపోతుంది. బాబుని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. హుబ్బళ్లి దగ్గర నల్లరేగడి, పత్తి చేలు, అక్కడి నుంచి గంటన్నర రెండు గంటల్లో పెద్ద పెద్ద చెట్లు, వక్కతోటలు, కింద లోయలో ఏరు, ఇంకాసేపటికి కొబ్బరిచెట్లు, ఉక్క. నేల ఎలా మారుతుందో వాడి కళ్లతో వాడు చూస్తాడు. పైగా పిల్లలకి ఘాట్‌లో వాంతులు ఎక్కువగా ఫోన్ చూస్తున్నప్పుడు వస్తాయి, ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డుని చూస్తుంటే చాలామందికి రానే రావు. ఆ పొద్దున పాలు పెట్టకండి, నూనె బజ్జీలు వద్దు, రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర వేయాలనుకుంటే బయల్దేరే ముందే మీ పిల్లల డాక్టర్‌ని అడిగి డోసు రాయించుకోండి, పెద్దవాళ్ల మాత్రలో సగం విరిచి వేసేయకండి.

హుబ్బళ్లిలో బస్టాండ్లు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, మీరు దిగేదీ ఎక్కేదీ వేరు కావచ్చు, కాబట్టి దిగేటప్పుడే కండక్టర్‌ని అడగండి. నేరుగా గోకర్ణ బస్సు దొరికితే సరే, లేకపోతే అంకోలా బస్సు ఎక్కి అక్కడ మారండి, అంకోలా నుంచి గోకర్ణ దాదాపు పాతిక కిలోమీటర్లే. "గోకర్ణక్కె బస్ ఎల్లి?" అంటే చాలు, ఎవరైనా చూపిస్తారు, అక్కడి వాళ్లు చాలా మర్యాదస్తులు. బోర్డులు కన్నడలో ఉన్నా కంగారు పడకండి, కొంచెం కూడబలుక్కుంటే మన తెలుగు చదివినట్టే చదివేయొచ్చు, మీ అత్తమ్మకి తెలుగు చదవడం వస్తే ఆవిడకే ఆ పని అప్పజెప్పండి, మా అత్తమ్మకి అదో సరదా. బస్టాండ్ దగ్గర్లో లాడ్జిల్లో రెండు మూడు గంటలకి రూమ్ ఇస్తారు, ఆ కొద్ది డబ్బులకి వెనకాడకండి. వేడినీళ్ల స్నానం, ఒక గంట నడుం వాల్చడం, శుభ్రమైన బాత్రూమ్, ఈ మూడూ కలిస్తే పెద్దవాళ్లకి మళ్లీ ప్రాణం లేచొస్తుంది. తొమ్మిదిన్నర, పదికి బయల్దేరినా రెండింటికల్లా గోకర్ణలో ఉంటారు, రూమ్ చెక్ ఇన్ టైమ్ కూడా దాదాపు అదే.

ఒక మాట, కర్ణాటక బస్సుల్లో ఆడవాళ్లకి ఫ్రీ అని విని ఉంటారు. ఆ శక్తి పథకం 2023 జూన్ నుంచి ఉంది కానీ అది కర్ణాటక వాళ్లకే, మనం టికెట్ తీసుకోవాల్సిందే, ఇక్కడ మన ఫ్రీ బస్సు తెలంగాణ ఆడవాళ్లకే అయినట్టు. దాని వల్ల మామూలు బస్సులు శని ఆదివారాలు కిక్కిరిసి ఉంటాయి, కాబట్టి ఘాట్ దిగే రోజు వీకెండ్ కాకుండా చూసుకోండి.

ఇప్పుడు రాత్రి బస్సు సంగతి. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి హుబ్బళ్లికి కర్ణాటక ఆర్టీసీ బస్సులు ఉంటాయి, ప్రైవేటు స్లీపర్లు కూడా ఉంటాయి. సౌకర్యం ఒక్కటే చూస్తే ప్రైవేటు స్లీపర్ బాగుంటుంది, నాకైతే పెద్దావిడతో వెళ్లేటప్పుడు ఆర్టీసీ మీదే గురి, ఎందుకంటే బస్సు ఆగే చోట్లు ముందే తెలుస్తాయి, మధ్యలో బండి మార్చమనరు. ఏది తీసుకున్నా మీ అత్తమ్మకి కింది బెర్త్, బస్సు మధ్యలో, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ నడుమ వచ్చేలా. వెనక చక్రం మీద, దాని వెనక ఉన్న బెర్తుల్లో ప్రతి గుంతా నడుముకి తగులుతుంది. పై బెర్త్‌కి ఎక్కే ఆ చిన్న ఇనుప మెట్లు మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి నరకం, అర్ధరాత్రి దిగాల్సి వస్తే ఇంకా కష్టం. కింది బెర్త్ దొరక్కపోతే ఆ బస్సే వదిలేయండి, సెమీ స్లీపర్ సీటు నయం.

తారీకు జాగ్రత్త. రాత్రి 12:15, 12:30 బస్సులు బుక్ చేసేటప్పుడు తేదీ మారిపోతుంది, శుక్రవారం రాత్రి వెళ్దాం అనుకుని శుక్రవారం తారీకు పెడితే అది గురువారం అర్ధరాత్రి బస్సు. మా మరిది కుటుంబం ఇలాగే లగేజీ అంతా సర్దుకుని వెళ్లి చూస్తే బస్సు అంతకు ముందు రాత్రే వెళ్లిపోయింది. అందుకే పదకొండు లోపు బయల్దేరే బస్సే చూడండి.

బస్సు ఎక్కగానే నేను చేసే మొదటి పని అద్దాలు పగలగొట్టే సుత్తి ఎక్కడుందో, ఎమర్జెన్సీ డోర్ ఎక్కడుందో, దానికి అడ్డంగా సామాన్లు పెట్టారేమో చూడటం. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బెంగళూరు నుంచి వస్తున్న వోల్వో బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు, అప్పట్లో పేపర్లో వచ్చిన ఫోటోలు నేను మర్చిపోలేదు. 2025 అక్టోబర్‌లో మళ్లీ కర్నూలు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సుకి అదే గతి పట్టింది. రెండూ తెల్లవారుజామునే, జనం నిద్రలో ఉండగానే. కాబట్టి సుత్తి కనపడకపోతే, దారిలో మూటలు అడ్డంగా ఉంటే, మొహమాటపడకుండా అడగండి, తీయించండి. మీ ఆయనకి ఇది చాదస్తంగా అనిపించవచ్చు, అనిపించినా పర్లేదు. కర్టెన్ వేసుకుని పడుకునే ముందు బాబుకి కూడా తలుపు ఎటువైపు ఉందో ఒకసారి చూపించండి.

ఇక నేను మరీ మరీ చెప్పదలుచుకున్నది నీళ్ల గురించి. మన పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, బస్సు ప్రయాణం అంటే మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. అడిగితే "నాకు దాహం లేదులే" అంటారు. అది దాహం లేక కాదు, మధ్యలో బస్సు ఆపమని అడగాల్సి వస్తుందని సిగ్గు. దాంతో పొద్దునకి తల తిరగడం, పిక్కలు పట్టేయడం, మూత్రంలో మంట, బీపీ ఉన్నవాళ్లకైతే ఇంకా ఇబ్బంది. మా అత్తమ్మ కూడా ఇంతే, రెండో ట్రిప్‌లో కారణం తెలిసింది నాకు. అప్పటి నుంచి బస్సు ఎక్కగానే నేనే డ్రైవర్ దగ్గరికి వెళ్లి "అన్నా, మా అత్తమ్మ పెద్దావిడ, రాత్రి రెండుసార్లు పెట్రోల్ బంకు దగ్గర ఆపాలి, ఎక్కడ ఆపుతారో ఇప్పుడే చెప్పండి" అని అడుగుతాను. ఒక్కరు కూడా కాదనలేదు ఇంతవరకు. ఆ మాట ఆవిడ వినేలా అడగండి, అప్పుడే ధైర్యంగా నీళ్లు తాగుతారు. ఆగిన ప్రతిసారీ మీకు అవసరం లేకపోయినా ఆవిడతో కలిసి దిగండి, ఒంటరిగా పంపకండి, చేతిలో టార్చ్, కొన్ని టిష్యూలు, సబ్బు కాగితాలు ఉంచుకోండి.

బీపీ మాత్రలు, కళ్లజోడు, ఒక జత బట్టలు, స్వెటర్ చేతి సంచిలోనే ఉండాలి, డిక్కీలో వేసిన బ్యాగులో కాదు. ఏసీ గాలి నేరుగా మోకాళ్ల మీద పడితే రాత్రంతా నొప్పే, ఆ గాలి వచ్చే రంధ్రాన్ని పక్కకి తిప్పి సాక్సులు వేయించండి. మెలకువ వచ్చినప్పుడల్లా పాదాలు పైకీ కిందకీ ఆడించమనండి, కాళ్ల వాపు రాకుండా ఉంటుంది. ఆవిడకి గుండె జబ్బు గానీ కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర గానీ ఉంటే ముందు డాక్టర్‌ని కలిసే బయల్దేరండి.

గోకర్ణలో రూమ్ ఎక్కడ అనేది మీ విషయంలో చాలా ముఖ్యం. ఫోటోలు చూసి అందరూ కుడ్లె బీచ్, ఓం బీచ్ దగ్గర బుక్ చేస్తారు, రెండూ అందమైనవే, కాదనను, కానీ రెండింటికీ పైనుంచి మెట్లు దిగాలి, తిరిగి ఎక్కాలి. మోకాళ్ల నొప్పితో అది రోజుకి ఒక్కసారి కూడా ఎక్కువే. ఊళ్లోనే మెయిన్ బీచ్ దగ్గర తీసుకోండి. గుడి నుంచి సముద్రం నాలుగు అడుగులు, దారి చదును, ఆవిడ ఎవరి సాయం లేకుండా సాయంత్రం వెళ్లి ఇసుకలో కూర్చోగలరు. ఓం బీచ్‌కి ఒక పూట మీ ముగ్గురే ఆటోలో వెళ్లి రండి. హాఫ్ మూన్, పారడైజ్ బీచ్‌లు కొండ దారి నడకతోనో పడవలోనో వెళ్లాల్సినవి, ఈసారికి వదిలేయండి.

గుడి గురించి మీ అత్తమ్మకి వేరే చెప్పక్కర్లేదనుకుంటా, రావణుడి దగ్గర వినాయకుడు ఆత్మలింగం తీసుకుని నేల మీద పెట్టేసిన కథ మన ఇళ్లలో తెలియనివాళ్లు ఎవరు. అక్కడ పద్ధతి ప్రకారం ముందు మహాగణపతిని చూసి తర్వాత మహాబలేశ్వరుడి దగ్గరికి వెళ్తారు. మగవాళ్లు పంచె కట్టుకుని చొక్కా తీసి వెళ్లాలి, మీవారికి ఒక పంచె సర్దండి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి రెండో రోజు పొద్దున్నే దర్శనం పెట్టుకోండి. వచ్చిన రోజు పరుగులు వద్దు, ఆ సాయంత్రం ఊరికే బీచ్‌లో కూర్చోండి చాలు. మన వైపు సముద్రంలో సూర్యుడు పుడతాడు, ఇక్కడ మునుగుతాడు, జనవరిలో ఆరుంపావుకీ ఆరున్నరకీ మధ్య. మా అత్తమ్మ పుట్టింది బందరు దగ్గర, అరవై ఏళ్లు వచ్చాక మొదటిసారి సముద్రంలో పొద్దుగుంకడం చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ రోజు నుంచే నాకు ఈ ఊరంటే ఇష్టం.

నీళ్లలో దిగే విషయంలో మాత్రం నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. బాబుని మీ చేయి అందేంత దూరంలోనే ఉంచండి, మోకాళ్ల లోతు దాటనివ్వకండి, అలకి వీపు పెట్టి ఫోటోలు దిగనివ్వకండి. 2024 డిసెంబర్‌లో ఇక్కడికి దగ్గర్లోనే మురుడేశ్వర్ బీచ్‌లో స్కూల్ టూర్‌కి వచ్చిన నలుగురు ఆడపిల్లలు మునిగి చనిపోయారు. ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ ఒకచోట సన్నని పాయలా చేరి వేగంగా లోపలికి వెళ్తుంటాయి, చుట్టూ తెల్లటి అలలు విరుగుతుంటే అక్కడొక్కచోట నీళ్లు నిశ్చలంగా కనపడతాయి, తెలియనివాళ్లు ఇక్కడ బాగుందని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతారు, చెయ్యెత్తి కేక వేసి, ఈత వస్తే ఒడ్డుకి సమానంగా పక్కకి ఈదుతూ ఆ పాయలోంచి బయటపడాలి. లైఫ్‌గార్డ్ ఉన్న చోటే దిగండి, వాళ్లు విజిల్ వేస్తే వాదించకుండా బయటికి రండి. ఓం బీచ్ రాళ్లు నాచు పట్టి జారతాయి, చెప్పులతో ఎక్కొద్దు.

తిండికి ఇబ్బంది లేదు. చేపలు తింటారని రాశారు కదా, అక్కడ అంజల్ అంటే మన వంజరమే. బాబుకి నీర్ దోశ నచ్చుతుంది, మెత్తగా ఉంటుంది, కారం ఉండదు. అక్కడి ఉప్పుడు బియ్యం అన్నం లావుగా ఉంటుంది, మీ అత్తమ్మకి నచ్చకపోవచ్చు, అడిగితే తెల్లన్నం ఇస్తారు. ఊరగాయ సీసా ఒకటి ఇంటి నుంచి పెట్టుకోండి.

మూడో రోజు మురుడేశ్వర్ వెళ్లాలని అడిగారు, గోకర్ణ నుంచి దాదాపు 75 కిలోమీటర్లు. 123 అడుగుల శివుడి విగ్రహం, ఇరవై అంతస్తుల గోపురం, పైకి లిఫ్ట్ ఉంది కాబట్టి ఆవిడ కూడా ఎక్కగలరు. కానీ మర్నాడే తిరుగు ప్రయాణం పెట్టుకుని ముందు రోజు 150 కిలోమీటర్లు రానూపోనూ తిరగడం నాకు ఇష్టం లేదు. ఆవిడ ఓపికగా ఉన్నారనిపిస్తే ట్యాక్సీ మాట్లాడుకుని వెళ్లండి, లేదంటే రూమ్‌లోనే ఉండి సాయంత్రం మళ్లీ ఒడ్డుకి. ఏ రోజు ఏం చేయాలో ఆ పొద్దున ఆవిడ మొహం చూసి నిర్ణయించండి. వానాకాలంలో మాత్రం ఎవరు పిలిచినా ఈ వైపు రాకండి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సముద్రం పొంగుతూ ఉంటుంది, 2024 జూలైలో అంకోలా దగ్గర శిరూరులో కొండ విరిగి హైవే మీద పడి మనుషులు, లారీలు గంగావళి నదిలోకి కొట్టుకుపోయారు.

తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే పద్ధతి, మధ్యాహ్నం భోజనం చేసి గోకర్ణ నుంచి హుబ్బళ్లి, వెలుగుండగానే ఘాట్ ఎక్కేస్తారు, రాత్రి భోజనం హుబ్బళ్లిలో, అక్కడి నుంచి రాత్రి బస్సు. బయల్దేరే రోజు సముద్రంలో దిగితే తప్పకుండా మంచినీళ్ల స్నానం చేశాకే బస్సు ఎక్కండి, ఉప్పునీళ్లు ఆరిన ఒంటితో ఏసీ బస్సులో రాత్రంతా దురదే, పిల్లలు అస్సలు పడుకోరు. తడి బట్టలు విడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టేయండి. పెద్ద పండగ తిరుగు రద్దీ ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పటి టికెట్‌తో పాటే వచ్చేది కూడా ఇవాళే బుక్ చేసుకోండి. మీ ఇల్లు అత్తాపూర్ అన్నారు కదా, బస్సు మహబూబ్‌నగర్ మీదుగా వస్తే ఎంజీబీఎస్ దాకా రాకుండా ఆరాంఘర్‌లో దిగిపోండి, అక్కడి నుంచి ఆటోలో పది నిమిషాలు. బస్సు షాద్‌నగర్ దాటగానే అత్తమ్మని లేపి కూర్చోబెట్టండి, కాళ్లు కాస్త కదిలించాక నెమ్మదిగా దిగొచ్చు.